పట్టు కాస్త సడలించండి!

"సారూ, మీరు మాకు చెప్పేటియన్నీ మీరు గూడ చేస్తరా?"

గత ఏడాది ఒక నేత కార్మికుడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. గొల్లభామ చీరలు నేసే మనిషి. కుడిచేతి మోచేయి లోపలివైపు నొప్పి అంటూ మూడోసారి వచ్చాడు. మొదటిసారి మాత్రలు రాసి, "నెలరోజులు చేతికి విశ్రాంతి ఇవ్వు" అన్నాను. రెండోసారి అదే మాట కాస్త గట్టిగా అన్నాను. మూడోసారి మందలించాను. "చెప్పిన మాట వినకపోతే నా దగ్గరికెందుకు వస్తావయ్యా?" అన్నాను. అప్పుడు అడిగాడీ ప్రశ్న. ఎదురుతిరిగి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

నవ్వి ఊరుకున్నాను. చేయను అని చెప్పలేక వచ్చిన నవ్వది!

ముప్ఫై ఏళ్ళుగా సిద్దిపేటలో ప్రాక్టీసు చేస్తున్నాను. "రోజూ నడవండి" అని ఎన్ని వేల చీటీల మీద రాసి ఉంటానో లెక్కలేదు. రాసిన మనిషి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం రెండు దాకా, సాయంత్రం ఆరింటికి కూర్చుంటే రాత్రి పది దాకా అదే కుర్చీ. ఫలితం ఎక్కడికి పోతుంది? 57వ ఏట రక్తపరీక్ష చేయించుకుంటే హెచ్‌బిఎ1సి 6.3 శాతం అని వచ్చింది. మూడు నెలలుగా రక్తంలో చక్కెర సగటున ఎలా ఉన్నదో చెప్పే పరీక్ష ఇది. 5.7 లోపు ఉంటే మామూలు. 6.5, ఆ పైన ఉంటే మధుమేహం. ఈ రెంటి నడుమ ఉన్నవారు గుమ్మంలో నిలబడ్డవారన్నమాట. లోపలికి అడుగు వేయడమా, వెనక్కి తిరగడమా అన్నది చాలావరకు వారి చేతుల్లోనే ఉంటుంది. నేనూ ఆ గుమ్మంలోనే ఉన్నాను.

మర్నాటినుంచి కోమటిచెరువు గట్టు మీద నడక మొదలుపెట్టాను. నాలుగు రోజులు నడిచాను. అయిదో రోజు ముసురు పట్టింది. ఆరో రోజు బద్ధకం పట్టింది. ఏడో రోజు చెప్పులు గుమ్మం దాటలేదు. నా రోగులు నాతో చెప్పిన సాకులన్నీ ఒక్క వారంలో నేనే నాకు చెప్పుకున్నాను.

ఆ సమయంలో మా వియ్యంకులవారు హైదరాబాదునుంచి ఫోను చేశారు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. విషయం విని, "బావగారూ! ఒక ఆదివారం నాతో గోల్ఫుకు రండి. నడుస్తున్నట్టు తెలియకుండా మిమ్మల్ని నడిపించే పూచీ నాది" అన్నారు. గోల్ఫా? అది కలవారి ఆట కదా, పైగా నా వయసేమిటి, ఆ ఆటేమిటి అని నసిగాను. ఆయన వింటేనా!

గోల్కొండ కోటను ఆనుకుని నయాఖిల్లా ఉంది. మొఘలుల దాడులకు వెరచి కుతుబ్‌షాహీలు 17వ శతాబ్దంలో కోటకు అదనంగా కలిపిన భాగమిది. ఏనుగంత లావు కాండంతో వందల ఏళ్ళనాటి ఆఫ్రికా వృక్షం ఒకటి అక్కడే ఉంది. హతియాన్‌కా ఝాడ్ అంటారు. ఆ ప్రాంతంలోనే ఉంది హైదరాబాదు గోల్ఫు క్లబ్బు మైదానం. సిద్దిపేటనుంచి సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి వెళ్ళాను.

చిన్నప్పుడు చిర్రగోనె ఆడినవాణ్ణి నేను. గాలిలోకి ఎగిరిన చిన్న పుల్లను కర్రతో కొట్టి వీధి చివర పారేసినవాణ్ణి. అటువంటిది, నేలమీద కదలకుండా కూర్చున్న బంతిని కొట్టలేనా అని లోలోపల కొంత ధీమా ఉండేది. సాధన చేసే చోట కర్ర చేతికిచ్చారు. బలంకొద్దీ ఊపాను. బంతి ఎక్కడిదక్కడే ఉంది! రెండోసారి కర్ర నేలకు తగిలి మన్ను లేచింది. మూడోసారి బంతి సిగ్గుపడుతున్నట్టు నాలుగు గజాలు పక్కకు దొర్లింది. నా పక్కన పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఏమాత్రం ఆయాసం లేకుండా బంతిని అల్లంత దూరానికి పంపుతోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేదనిపించింది.

అక్కడ నేర్పే ఆయన నా దగ్గరికి వచ్చాడు. నా ముఖం చూడలేదు, బంతిని చూడలేదు. నా చేతులు చూశాడు. వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"సార్, గంత గట్టిగ పట్టద్దు. పండిన సీతాఫలం పట్టుకున్నట్టు పట్టుండ్రి. ఒత్తితే చితుకుతది, వదిలితే కిందపడతది" అన్నాడు.

సీతాఫలం ఎలా పట్టుకోవాలో తెలియని తెలంగాణ మనిషి ఉంటాడా? నాకు గోల్ఫు అక్కడే కొంచెం అర్థమైంది.

ఆ ఉదయం ఆయన నేర్పిన మొదటి పాఠాలు పాఠకులకూ చెబుతాను. వీటిలో ఆట ఎంత ఉందో, ఆరోగ్యసూత్రం అంత ఉంది.

గోల్ఫులో కర్రను క్లబ్బు అంటారు. ఆటగాడు సంచిలో 14 క్లబ్బులకు మించి పెట్టుకోకూడదు. కొత్తవారికి మూడు నాలుగు చాలు. బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, అడ్డకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దాన్ని చేర్చవలసిన గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. పూర్తి మైదానంలో ఇటువంటి గుంటలు 18. అతి తక్కువ దెబ్బల్లో బంతిని ఒక్కొక్క గుంటలో వేసుకుంటూ పోవడమే ఆట.

ఇక నిలబడే తీరు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టాలి. మోకాళ్ళు కొద్దిగా వంచాలి. వంగడం నడుం దగ్గర కాదు, తుంటి కీళ్ళ దగ్గర వంగాలి. వీపు గూనిపోకుండా నిటారుగానే ముందుకు వాలాలి. నేలమీదినుంచి బియ్యం బస్తా ఎత్తేవారికి నేను ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నది సరిగ్గా ఇదే! చెప్పడమే గాని నా నడుం ఆ వంపు ఎరగదు. అద్దంముందు నిలబడి నేర్చుకోవలసి వచ్చింది.

కర్రను వెనక్కి తీసుకువెళ్ళేటప్పుడు చేతులతో లాగకూడదు. భుజాలు, ఛాతీ కలిసి తిరగాలి, తుంటి కూడా కొంత తిరగాలి. తుంటిని బిగబట్టి నడుం ఒక్కదాన్నే మెలిపెడితే ఆ భారమంతా కింది వెన్నుపూసల మీద, వాటి మధ్యనుండే మెత్తని బిళ్ళల మీద పడుతుంది. సరదాకు గోల్ఫు ఆడేవారిలో తరచుగా కనిపించే బాధ నడుంనొప్పే కావడానికి ఇదొక ముఖ్య కారణం. దెబ్బ పూర్తయ్యేసరికి బరువు ఎడమకాలి మీదికి రావాలి, బొడ్డు బంతి వెళ్ళే దిక్కుకు తిరగాలి. ఎడమచేతివాటం వారికి ఇదంతా తిరగేసి చెప్పుకోవాలి.

అన్నిటికన్నా నాకు వింతగా తోచిన పాఠం మరొకటి ఉంది. బంతిని పైకి లేపాలని చూడకూడదట! క్లబ్బు ముఖం ఏటవాలుగా చేసి ఉంటుంది. ఏడో నెంబరు ఐరన్‌కు ఆ వాలు రమారమి 30 డిగ్రీలు. కర్ర సవ్యంగా కిందికి వస్తే బంతి దానంతటదే పైకి లేస్తుంది. నేనేమో బంతిని చేతులతో ఎత్తాలని చూసి, అది ఎటు పోయిందోనని దెబ్బ తగలకముందే తల లేపేస్తున్నాను. అందుకే తప్పుతున్నది. "లేపే పని కర్ర చూసుకుంటది సార్. మీరు జర నెమ్మది పడుండ్రి" అన్నాడాయన. ఆ పూట ముగిసేలోగా ఒక్క బంతి, ఒకే ఒక్కటి, చప్పుడు కూడా చేయకుండా తేలిగ్గా లేచి వెళ్ళింది. ఎంత దూరం పోయిందో నాకు గుర్తులేదు. చేతికి బరువే తెలియలేదన్నది మాత్రం గుర్తుంది.

ఆ ఒక్క బంతే నా కొంప ముంచింది!

సెకండ్‌హాండ్ ఏడో నెంబరు ఐరన్ ఒకటి కొనుక్కుని సిద్దిపేట వచ్చాను. డాబా మీద పాత పట్టా పరిచి, రోజూ పొద్దున బంతి లేకుండానే నూటయాభైసార్లు ఊపడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళు కుర్చీలో కూర్చున్న చేతులకు ఒక్కసారిగా నూటయాభై! సీతాఫలం సంగతి మూడోనాటికే మరిచాను. మూడోవారంలో కుడి మోచేయి లోపలివైపు నొప్పి మొదలైంది. మంచినీళ్ళ చెంబు లేపితే ప్రాణం విలవిల్లాడేది. తలుపు గడియ తిప్పలేకపోయేవాణ్ణి.

ఇంగ్లీషు వైద్యంలో ఈ జబ్బు పేరే "గోల్ఫర్స్ ఎల్బో". పేరు గోల్ఫుదైనా, గోల్ఫు ముఖం చూడనివారికే ఎక్కువగా వస్తుంది. మణికట్టును వంచే కండరాలు మోచేయి లోపలివైపు ఎముకకు స్నాయువుతో అతుక్కుని ఉంటాయి. గట్టిగా పిడికిలి బిగించి ఒకే పనిని వందలసార్లు చేస్తే ఆ అతుకు దగ్గర స్నాయువు అరిగి, చిట్లి నొప్పి పుడుతుంది. వడ్రంగికి రావచ్చు, బట్టలు పిండే ఇల్లాలికి రావచ్చు, మగ్గం నేసేవారికి రావచ్చు. మోచేయి బయటివైపు వస్తే దాన్ని "టెన్నిస్ ఎల్బో" అంటారు.

మోచేతికి పట్టీ కట్టుకుని క్లినిక్కులో కూర్చున్న రోజున ఆ నేత కార్మికుడే మళ్ళీ వచ్చాడు. నా పట్టీవంక చూశాడు.

"మీకు గూడ గిదే నొప్పా సారూ?"

"అవునయ్యా."

"మరి పని బందు పెట్టిండ్రా?"

నాకు నోట మాట రాలేదు. నేను బందుపెట్టవలసింది పని కాదు, సరదా. దాన్నే ఆపలేదు. పట్టీ కట్టుకుని ఆ పొద్దున కూడా ముప్ఫైసార్లు ఊపి వచ్చాను. అతడు ఆపవలసింది అతని ఇంటి కూడు. నెలరోజులు మగ్గం ఆపమని మూడుసార్లు చెప్పాను గాని, ఆపితే ఇల్లెలా గడుస్తుందని ఒక్కసారీ అడగలేదు. పైగా మందలించాను. ఆ రాత్రి నాకు మోచేతి నొప్పికన్నా ఆ మాటే ఎక్కువగా బాధించింది.

ఆ ఆదివారం గోల్కొండ వెళ్ళలేదు. అతని ఇంటికి వెళ్ళాను. గుంటమగ్గం ముందు కూర్చుని నేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. కుడిచేత్తో తాడు లాగుతున్నాడు. ఆ తాడుకున్న చెక్కపిడి వేలంత సన్నం. వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి! అచ్చం నావిలాగే.

సీతాఫలం మాట అతనికి చెప్పాను. పడీపడీ నవ్వాడు. తరవాత ఆలోచించి, "పనిల పడితే పట్టు ఎంత గట్టిగైతదో మనకే తెల్వది సారూ" అన్నాడు. ముమ్మాటికీ నిజం. పట్టు సడలించమని చెప్పినంత మాత్రాన సడలదు. సడలే ఏర్పాటు చేయాలి. పాత నూలుగుడ్డ చుట్టి ఆ పిడిని లావు చేశాం. పిడి మరీ సన్నంగా ఉంటే వేళ్ళు ఎక్కువ బిగించవలసి వస్తుంది. కీళ్ళవాతం ఉన్న గోల్ఫు ఆటగాళ్ళు కూడా కర్ర పిడిని లావు చేయించుకుంటారు. అరగంటకొకసారి రెండు నిమిషాలు చెయ్యి దించి, వేళ్ళు చాపి ముడవడం, అంతకుమించి పని ఆపక్కర్లేదు అని ఒప్పందం చేసుకున్నాం. దానితోపాటు ఇద్దరం ఒకే వ్యాయామం మొదలుపెట్టాం.

అదేమిటో మీకూ చెబుతాను. కుర్చీలో కూర్చుని ముంజేతిని బల్లమీద ఆనించండి. అరచెయ్యి పైకి ఉండాలి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండాలి. అరలీటరు నీళ్ళసీసా పట్టుకుని, రెండోచేతి సాయంతో మణికట్టును పైకి వంచండి. సాయం తీసేసి, అయిదు అంకెలు లెక్కపెడుతూ నిదానంగా కిందికి దించండి. ఇలా పది పదిహేనుసార్లు, రోజుకు రెండు విడతలు. కొద్దిపాటి నొప్పి ఉంటే భయపడనక్కర్లేదు. మర్నాటికి నొప్పి పెరిగితే మాత్రం బరువు తగ్గించాలి. ఇది వారంలో తగ్గే జబ్బు కాదు, నెలలు పడుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కినా, మోచేయి వాచినా, దెబ్బ తగిలాక నొప్పి వచ్చినా సొంతవైద్యం మాని డాక్టరుకు చూపించుకోవాలి.

నొప్పి పూర్తిగా తగ్గేదాకా నేను పెద్ద దెబ్బలు మానేశాను. ఆ రోజుల్లో మిగిలింది పట్టర్ అనే కర్ర ఒక్కటే. దాని ముఖం ఇంచుమించు చదునుగా ఉంటుంది. బంతిని నేలమీద దొర్లించి గుంటలో వేయడానికి వాడతారు. అసలు కొత్తవారు మొదలుపెట్టవలసింది ఇక్కడినుంచేనని అప్పుడు తెలిసింది! 18 గుంటలకు 72 దెబ్బలు ప్రమాణమనుకుంటే, అందులో 36 ఈ దొర్లించే దెబ్బలకే కేటాయింపు. అంటే సగం ఆట బలంతో పనిలేనిదన్నమాట. ముందు దొర్లించడం, తరవాత చిన్న దెబ్బ, ఆ తరవాత సగం ఊపు, చివరికి పూర్తి ఊపు. నేను తలకిందులుగా మొదలుపెట్టాను. హాల్లో స్టీలు గ్లాసు పడుకోబెట్టి బంతిని అందులోకి దొర్లించేవాణ్ణి. "పేషెంట్లు చూస్తే ఏమనుకుంటారండీ!" అని మా ఆవిడ మొదట్లో విసుక్కునేది. నెల తిరిగేసరికి నాకన్నా తనే ఎక్కువ బంతులు గ్లాసులో వేసేది.

గోల్ఫువల్ల నిజంగా ఆరోగ్యమేనా అని మీరడగవచ్చు. 18 గుంటలు నడిచి ఆడితే దాదాపు 8 నుంచి 10 కిలోమీటర్ల నడక. స్వీడన్‌లో దాదాపు 3 లక్షలమంది గోల్ఫు ఆటగాళ్ళ వివరాలు పరిశీలించి 2008లో ఒక నివేదిక ప్రచురించారు. అదే వయసు, అదే స్థితిగతులుగల ఇతరులకన్నా వారిలో మరణాల రేటు 40 శాతం తక్కువని తేలింది. అయితే ఆరోగ్యంగా ఉన్నవారే ఆటకు వస్తారు గనుక ఆ గొప్పంతా ఆటదేనని చెప్పలేం. ఆడేచోట మోటారుబండి ఎక్కి తిరిగితే నడక లాభం చాలావరకు పోతుంది.

గోల్ఫు అందుబాటులో లేనివారు చింతించనక్కర్లేదు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 65 దాటినవారు వీటితోపాటు తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తులు కూడా చేయాలి. దీనికి కోమటిచెరువు గట్టు చాలు, మీ ఊరి చెరువుగట్టు చాలు. నా అనుభవం చెప్పేది ఒక్కటే. ఉత్త నడక విసుగనిపిస్తే ఆ నడకకు ఒక ఆట తగిలించండి. మనవడితో చిర్రగోనె అయినా సరే!

ఏ ఆటైనా కొత్తగా మొదలుపెట్టే మధ్యవయస్కులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ముందు పది నిమిషాలు నడిచి, భుజాలు, నడుం మెల్లగా తిప్పి ఒళ్ళు వెచ్చబెట్టుకోండి. మొదటి వారం ఇరవైసార్లు చేస్తే రెండోవారం ఇరవైఅయిదు చేయండి, నాలాగా నూటయాభై వద్దు. గుండెజబ్బు ఉన్నవారు, ఎముకలు గుల్లబారినవారు, వెన్నుపూసల మధ్య బిళ్ళ జరిగినవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు జేబులో పంచదారో గ్లూకోజో ఉంచుకోవాలి. ఎండాకాలంలో పొద్దెక్కకముందే ముగించాలి, మంచినీళ్ళు వెంట ఉండాలి. ఉరిమితే మైదానంలో, చెట్టుకింద నిలబడకూడదు. గుండెలో బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే ఆట అక్కడే ఆపి 108కి ఫోను చేయాలి. "ఈ ఒక్క దెబ్బ కొట్టి వెళదాం" అనుకోకూడదు.

ఈ ఆటలో నాకు నచ్చిన ఏర్పాటు ఇంకొకటుంది. హాండికాప్ అంటారు. కొత్తవారికి 54 దాకా అదనపు దెబ్బల మినహాయింపు ఉంటుంది. దానితో ఆరితేరినవాడు, నిన్న మొన్న మొదలుపెట్టినవాడు కలిసి ఆడుకోవచ్చు. నిన్నటి నీతో పోలిస్తే ఇవాళ ఎలా ఉన్నావన్నదే లెక్క. వ్యాయామం చేసే ప్రతివారూ తమకు తాము ఈ మినహాయింపు ఇచ్చుకోవాలని నా మనవి. డాక్టర్లు రోగులకు కూడా ఇవ్వాలి.

ఆరునెలల తరవాత నా హెచ్‌బిఎ1సి 5.9 వచ్చింది. గుమ్మంలోనే ఉన్నాను గాని ముఖం ఇటు తిరిగింది. ఇందులో గోల్ఫు వంతెంతో, రాత్రిపూట అన్నం తగ్గించిన వంతెంతో విడదీసి చెప్పలేను. నెలకు రెండు ఆదివారాలు గోల్కొండ, మిగతా రోజులు చెరువుగట్టు. ఇప్పటికీ పది బంతుల్లో నాలుగు తప్పుతాయి.

మొన్న ఆ నేత కార్మికుడు వచ్చాడు. తనకు కాదు, వాళ్ళమ్మకు జ్వరమని. చెయ్యి ఎలా ఉందన్నాను. "పూరా పోలె సారూ. గని చెంబు లేపుతున్న" అన్నాడు. మగ్గం ఒక్కరోజూ ఆపలేదట. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మరి మీరు చేస్తున్నరా సారూ, ఆ సీసాతోటి?"

"పొద్దున చేసే వచ్చానయ్యా" అన్నాను.